ఈ రాత్రి ఏడ పడుకుంటాది?

తమిళనాడు దక్షిణాన మా వైపు తెలుగు ఇళ్ళలో ఒక వలస కథ చెప్పుకుంటారు. చెన్నాదేవి అనే అందమైన పిల్ల మీద ఒక ఏలిక కన్ను పడుతుంది. పిల్లను పంపమంటాడు. పంపడానికి మనసొప్పని బంధువర్గమంతా ఇళ్ళూ పొలాలూ వదిలేసి రాత్రికి రాత్రి దక్షిణానికి నడుస్తుంది. వెనక తరుముకొచ్చేవాళ్ళు, ముందు ఏరు. ఒడ్డున ఉన్న చెట్టు వంగి వాళ్ళను అవతలికి దాటిస్తుంది. కోవిల్‌పట్టి పక్కనే ఇడైసెవల్‌లో తెలుగింట పుట్టిన కి. రాజనారాయణన్ ఈ వలస గాథనే 1976లో 'గోపల్ల గ్రామం' నవలగా తమిళంలో రాశారు. దాని తర్వాతి నవల 'గోపల్లపురత్తు మక్కళ్'కు 1991లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. నల్లరేగడిలో మా వాళ్ళు ఎలా వచ్చి పడ్డారో తమిళ లోకానికి తెలిసింది ఆ నవలల వల్లే.

నాకు మాత్రం ఆ కథ మా అవ్వ నోట తెలుసు. వింటుంటే గర్వంగా ఉండేది. ఒక్క ఆడపిల్ల కోసం అంతమంది కదిలిపోయారు మరి! ఈ వృత్తిలోకి వచ్చాక అదే కథలో నాకు ఖాళీలు కనిపించసాగాయి. దారి పొడవునా ఆ పిల్ల ఎవరి పక్కన నడిచిందో, భయమేసినప్పుడు ఎవరి చెయ్యి పట్టుకుందో మా అవ్వ చెప్పలేదు. నీవల్లే గదా ఇల్లూ వాకిలీ వదులుకున్నాం అన్న మాట ఆమె ఎన్నిసార్లు విన్నదో చెప్పలేదు. అన్నిటికంటే పెద్ద ఖాళీ ఇంకొకటి. తప్పించుకోలేకపోయిన పిల్లలు కూడా ఉండే ఉంటారు. ఏరు దాటలేకపోయినవాళ్ళ కథ ఏ ఇంట్లోనూ చెప్పరు. నా పని వాళ్ళ కోసమే.

లైంగిక హింసకు గురైనవాళ్ళు కోలుకునే దారిలో వాళ్ళ పక్కన ఎలా ఉండాలో కౌన్సెలర్లకు నేర్పడం నా ఉద్యోగం. కళుగుమలై, కోవిల్‌పట్టి, సాత్తూరు, విరుదునగర్ ప్రాంతాల నుంచి శిక్షణకు వస్తారు. సోషల్ వర్క్ చదివిన అమ్మాయిలు, సైకాలజీలో పీజీ చేసి మూడు పూటలా పని వెతుక్కుంటున్న కుర్రవాళ్ళు, పల్లెల్లో తిరిగే నర్సులు, హింసకు గురైన స్త్రీలకు సాయపడే వన్ స్టాప్ సెంటర్ ఉద్యోగులు, బడి టీచర్లు. వీళ్ళలో చాలామంది తల్లులు అగ్గిపెట్టెల ఫ్యాక్టరీల్లోనో, శివకాశి బాణసంచా షెడ్లలోనో, రాజపాళయం నూలు మిల్లుల్లోనో పనిచేసి వీళ్ళను చదివించినవాళ్ళు. కాబట్టి హింస అంటే ఏమిటో వీళ్ళకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. వీళ్ళు అడిగేది పద్ధతి. ఎలా మాట్లాడించాలి, ఏం అడిగితే నోరు విప్పుతుంది, ఏడుపు ఆగకపోతే ఏం చెయ్యాలి?

ఒక శిక్షణలో ఇద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టి అభ్యాసం చేయిస్తున్నాం. ఒకరు కౌన్సెలర్, ఒకరు సొంత బాబాయి చేతిలో నలిగిన పదహారేళ్ళ పిల్ల. కౌన్సెలర్‌గా కూర్చున్న అమ్మాయి గొంతు మెత్తన, ఓపిక ఎక్కువ. అరగంటలో ఆ 'పిల్ల' మొదటినుంచి చివరిదాకా అంతా చెప్పేసింది. హాల్లో కొందరు కళ్ళు తుడుచుకున్నారు. అప్పుడు వెనక వరసలో నుంచి ఒక పెద్ద నర్సమ్మ లేచింది. రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి. మా ఊళ్ళ తెలుగులోనే అడిగింది.

"అంతా బాగానే చెప్పించినావు పాపా. ఇప్పుడు బస్సెక్కి ఇంటికి పోతాది గదా? వాడు ఆ ఇంట్లోనే ఉండాడు. ఈ రాత్రి ఆ పిల్ల ఏడ పడుకుంటాది?"

ఎవరి దగ్గరా జవాబు లేదు. ఆ ప్రశ్న విన్నాక నా శిక్షణ క్రమమంతా మారింది. ఇప్పుడు మొదటి పూటంతా దీనికే కేటాయిస్తాను. ఏం జరిగింది అనే ప్రశ్న చాలా తర్వాత వస్తుంది. ఇంట్లో ఎవరెవరు ఉంటారు, ఏ గదికి గడియ ఉంది, రాత్రి బయటికి పోవాల్సివస్తే తోడు ఎవరు, నీ మాట నమ్మే మనిషి ఒక్కరైనా ఉన్నారా, ఫోను ఎవరి చేతిలో ఉంటుంది? ముందు ఇవి.

నర్సమ్మ చదవని పుస్తకాల్లోనూ ఇదే ఉంది. అమెరికా మనోవైద్యురాలు జూడిత్ హర్మన్ 1992లో ప్రచురించిన 'ట్రామా అండ్ రికవరీ'లో కోలుకోవడాన్ని మూడు దశలుగా చెప్పింది. మొదటిది భద్రత. జరిగినదాన్ని గుర్తుచేసుకోవడం, దుఃఖించడం రెండోది. మనుషుల్లో మళ్ళీ కలవడం మూడోది. మొదటి మెట్టు ఎక్కకుండా రెండోదాని మీద కాలు పెట్టించకూడదన్నది ఆ పుస్తకం నొక్కి చెప్పిన సంగతి. హింసకు గురైన వెంటనే మనిషిని కూర్చోబెట్టి మొత్తం వృత్తాంతం చెప్పించే పద్ధతి వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2013 మార్గదర్శకాల్లో చెప్పింది. కక్కేస్తే పోతుందన్న నమ్మకం మనలో గట్టిగా ఉంది. గాయం విషయంలో అది నిజం కాదు. సిద్ధంగా లేని మనిషి చేత చెప్పిస్తే ఒళ్ళు మళ్ళీ ఆ రోజుకే వెళ్తుంది. గుండె దడ, చెమట, ఊపిరాడకపోవడం, అన్నీ తిరిగొస్తాయి. ఆ స్థితిలోనే ఆమె బస్సెక్కి ఇంటికి పోవాలి, పొయ్యి వెలిగించాలి, అదే మనిషికి అన్నం వడ్డించాలి.

పైగా మన దగ్గర ఆమె ఎన్నిసార్లు చెప్పాలో చూడండి. తల్లికి చెప్పాలి, పోలీసులకు చెప్పాలి, డాక్టరుకు, మేజిస్ట్రేటుకు, చివరికి కోర్టులో. విరుదునగర్ జిల్లా పిల్ల అయితే శ్రీవిల్లిపుత్తూరు కోర్టుకు పోవాలి. పిల్లల విషయంలో 2012 నాటి పోక్సో చట్టం దీన్ని గమనించే రాశారు. వాంగ్మూలం పిల్ల ఇంట్లోగానీ తను కోరినచోటగానీ తీసుకోవాలి, వచ్చే అధికారి యూనిఫాంలో ఉండకూడదు, సాక్ష్యం కోసం మళ్ళీ మళ్ళీ కోర్టుకు పిలవకూడదు, నిందితుడి కంట పడనివ్వకూడదు. 2020 నియమాల ప్రకారం కేసు పొడుగునా పిల్లకు తోడుండే సహాయకుణ్ణి ఇవ్వవచ్చు. ఆ తోడు అవసరమో కాదో తల్లిదండ్రుల ఇష్టానికి వదిలేయకూడదని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇన్ని చోట్ల చెప్పక తప్పని పిల్లకు, చెప్పకుండా ఊరికే కూర్చోగలిగే గది ఒక్కటైనా ఉండాలి గదా. ఆ గది కౌన్సెలర్‌ది.

ఆ గదిలో మాట కంటే ముందు ఒళ్ళు ఉంటుంది. దీని మీద నేను ఎక్కువ సేపు ఆగుతాను, ఎందుకంటే మా శిక్షణకు వచ్చే మంచి మనుషుల నోట కూడా ఒక ప్రశ్న వస్తూనే ఉంటుంది. "ఎందుకు అరవలేదు?" స్టాక్‌హోమ్‌లో అత్యాచార బాధితుల అత్యవసర క్లినిక్‌కు వచ్చిన 298 మంది స్త్రీల మీద జరిపిన అధ్యయనం 2017లో వెలువడింది. వాళ్ళలో 70 శాతం మంది ఆ సమయంలో ఒళ్ళు బిగుసుకుపోయి కదల్లేని స్థితికి గణనీయంగా లోనయ్యారు. గొంతు పెగలదు, చెయ్యి లేవదు. అది ఆమె ఎంచుకున్నది కాదు, ప్రాణభయంలో శరీరం తనంతట తాను చేసే పని. పైగా అలా బిగుసుకుపోయినవాళ్ళే తర్వాతి నెలల్లో ఎక్కువ కుంగిపోయారని అదే అధ్యయనం చెప్పింది. అరవలేదేమని అడిగే ప్రతి నోరూ ఆ కుంగుబాటుకు ఇంకాస్త బరువు పెడుతోంది.

ఈ ప్రశ్న మన న్యాయస్థానాల్లోనూ ఉండేది. 1972లో మహారాష్ట్రలో పోలీసు స్టేషన్లో అత్యాచారానికి గురైన ఆదివాసీ బాలిక మథుర కేసులో, ఒంటి మీద గాయాలు లేవు, పెనుగులాడిన జాడ లేదు అంటూ సుప్రీంకోర్టు పోలీసులను వదిలేసింది. 1979లో ఉపేంద్ర బక్షి, లతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్ అనే నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. లొంగిపోవడం వేరు, ఒప్పుకోవడం వేరని వాళ్ళు వాదించారు. దేశమంతా మహిళా సంఘాలు వీధుల్లోకి వచ్చాయి. 1983లో చట్టం మారింది. చట్టం మారి నలభై ఏళ్ళు దాటింది. మా సాత్తూరు బస్టాండులో ప్రశ్న ఇంకా మారలేదు. అందుకే ఈ శాస్త్రాన్ని కౌన్సెలర్‌కు నేర్పితే చాలదు, ఆ పిల్ల తల్లికి రెండు మాటల్లో ఎలా చెప్పాలో కూడా నేర్పాలి. "భయానికి ఒళ్ళు కట్టేసినట్టు అయిపోతుందమ్మా, మీ పిల్ల తప్పేమీ లేదు." ఈ ఒక్క వాక్యం విని తల్లి కూతురి వైపు చూసే చూపు మారిపోవడం నేను చూశాను. ఆ చూపు చేసిన మేలు నా పరికరాలేవీ చెయ్యలేదు.

బయటి దేశాల మాన్యువళ్ళను ఉన్నదున్నట్టు వాడటం మీద నాకు అభ్యంతరం ఉంది. ఒకదాంట్లో, మనసు గతంలోకి జారిపోతున్నప్పుడు ఇప్పటికి తీసుకురావడానికి కొవ్వొత్తి వెలిగించి దాని మీద దృష్టి నిలపమని ఉంటుంది. అగ్గిపుల్ల గీస్తే గంధకం వాసన వస్తుంది. అగ్గిపెట్టెల షెడ్డులో మేస్త్రీ చేతిలో నలిగిన స్త్రీకి ఆ వాసనే గతం. ఆమెను ఏ వాసన కలవరపెడుతుందో, ఏది ఊరటనిస్తుందో ఆమెనే అడగాలి. రాతిగచ్చు మీద పాదాలు ఆనించి చల్లదనం గమనించమంటే చాలామందికి సరిపోయింది. చెంబెడు నీళ్ళు మెల్లగా తాగించడం కూడా అంతే.

తాకడం సంగతీ అలాంటిదే. మా వైపు ఆడవాళ్ళం ఏడ్చేవాళ్ళను చూస్తే దగ్గరకు తీసుకుంటాం, తల నిమురుతాం. అది మా ఊపిరి. ఆ గదిలో మాత్రం అడగకుండా చెయ్యి వెయ్యకూడదని నేర్పడానికి ఎంత శ్రమ పడతానో! "పట్టుకోనా అమ్మా?" అని అడిగి ఆమె తలూపేదాకా ఆగాలి. ఆమె ఒంటిమీద హక్కు ఆమెదేనన్నట్టు ఇంతకుముందు ఎవరూ ఆమెను అడగలేదు. కుర్చీ ఏ వైపు వేసుకోవాలో, తలుపు ఓరగా ఉంచాలో మూయాలో, ఈరోజు మాట్లాడాలో వద్దో, ఏ బస్సుకు తిరిగి వెళ్ళాలో, అన్నీ ఆమె చెప్పాలి. చూడటానికి చిన్నవే. నిర్ణయం చేతిలోంచి లాక్కోబడ్డ మనిషికి నిర్ణయాలు తిరిగి అందేది ఇలాగే.

ఇంకొక నియమం పెట్టాను, అది ఏ మాన్యువల్లోనూ ఉండదు. మా ప్రాంతంలో ఇద్దరు తెలుగువాళ్ళు కలిస్తే మొదట అడిగేది ఇంటిపేరు, తర్వాత ఊరు. రెండు నిమిషాల్లో ఏదో ఒక వరస కలుస్తుంది. మా కౌన్సెలర్లు అది అడగకూడదు. వరస కలిసిన క్షణంలోనే ఆ పిల్ల నోరు మూతపడుతుంది. ఎందుకంటే జాతీయ నేర గణాంకాల సంస్థ (NCRB) లెక్కలు ఏటా చెప్పేదేమిటంటే అత్యాచారం చేసినవాడు అత్యధిక కేసుల్లో ముందే తెలిసినవాడే. మా పల్లెల్లో తెలిసినవాడంటే వరసైనవాడే కావచ్చు. కొందరు పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడుతూ కూడా నాతో తమిళంలోనే చెబుతారు. బడిలో నేర్చిన భాషలో కాస్త ఎడం దొరుకుతుంది కాబోలు. ఎప్పుడో ఒకరోజు వాళ్ళంతట వాళ్ళు తెలుగులోకి వస్తారు. ఆ రోజు నెమ్మదిగా ఉండాలి.

భద్రత అంటే ఇంటి గడియ ఒక్కటే అయిన రోజులు పోయాయి. 2019లో బయటపడ్డ పొళ్ళాచ్చి లైంగిక హింస కేసులోనూ, 2022 మార్చిలో విరుదునగర్‌లో ఒక దళిత యువతి ఫిర్యాదుతో వెలుగుచూసిన కేసులోనూ నేరస్థుల చేతి ఆయుధం ఫోన్లో తీసిన వీడియో. అలాంటి స్త్రీకి జరిగింది గతం కాదు. ప్రతి మెసేజ్ చప్పుడుకూ మళ్ళీ మొదలవుతుంది. పొళ్ళాచ్చిలో ఫిర్యాదు చేసిన అమ్మాయి పేరు పోలీసుల నోటా, ప్రభుత్వ ఉత్తర్వులోనూ బయటికి రావడం నాకు మరీ బాధ కలిగించింది. 2025 మే 13న కోయంబత్తూరు మహిళా కోర్టు తొమ్మిదిమందికీ చనిపోయేదాకా జైల్లోనే ఉండేలా యావజ్జీవం వేసింది. బాధితులు చివరిదాకా నిలబడి సాక్ష్యం చెప్పారు. అలా నిలబడటానికి వాళ్ళ వెనక ఎంతమంది తోడు ఉండి ఉండాలో మా శిక్షణలో చెప్పుకుంటాం.

అయితే అన్ని తీర్పులూ అలా రావు. విశాఖ మన్యంలో వాకపల్లి ఆదివాసీ స్త్రీలు పదకొండుమంది 2007 ఆగస్టులో పోలీసుల మీద ఫిర్యాదు చేస్తే, 2023లో నిందితులంతా నిర్దోషులుగా బయటికొచ్చారు. ధర్మపురి జిల్లా వాచ్చాత్తిలో 1992లో 18 మంది స్త్రీల మీద జరిగిన అత్యాచారాలకు శిక్షలు పడింది 2011లో, హైకోర్టు వాటిని ఖాయం చేసింది 2023లో. ముప్ఫై ఏళ్ళు! కోలుకోవడాన్ని తీర్పుకు ముడిపెడితే ఈ స్త్రీల జీవితాలు ఎక్కడ ఆగిపోవాలి? కౌన్సెలర్ కోర్టు కోసం ఎదురుచూడకూడదు. రుజువు అడగకూడదు. నమ్మాలి, పని మొదలుపెట్టాలి.

ఇక నాకు ఇప్పటికీ తేలని చిక్కు ఒకటుంది. నిర్ణయం ఆమె చేతికే ఇవ్వాలని ఇంతసేపూ చెప్పాను. పద్దెనిమిదేళ్ళు నిండని పిల్ల విషయంలో మాత్రం పోక్సో 19వ సెక్షన్ ప్రకారం తెలిసిన ప్రతివారూ పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు. పిల్ల "ఎవరికీ చెప్పొద్దక్కా" అని చేతులు పట్టుకుంటే? పిల్లల మీద నేరాలు ఇళ్ళలోనే సమాధి కాకుండా ఈ సెక్షన్ ఆపుతుంది, కాబట్టి అది అవసరమే అంటాను. కానీ దానివల్ల నోరు విప్పకుండా వెళ్ళిపోయే పిల్లలూ ఉన్నారు. నేను నేర్పేది ఇది. మొదటి రోజే, ఆమె ఏమీ చెప్పకముందే, ఏది మన మధ్య ఉండిపోతుందో, ఏది చెప్పక తప్పదో స్పష్టంగా చెప్పెయ్యాలి. ఆ తర్వాత చెప్పడమా మానడమా ఆమె ఇష్టం. చెప్పాక స్టేషనుకు ఎవరితో వెళ్ళాలి, ఎప్పుడు, ఏ బట్టల్లో, పక్కన ఎవరుండాలి అన్నవైనా ఆమె చేతిలో ఉంచాలి.

ఇంకా మాట్లాడని సంగతి మగపిల్లలది. కేంద్ర స్త్రీ, శిశు సంక్షేమ శాఖ 2007లో 13 రాష్ట్రాల పిల్లల మీద చేయించిన అధ్యయనంలో 53.22 శాతం మంది ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదుర్కొన్నామన్నారు. వాళ్ళలో సగం కంటే ఎక్కువమంది మగపిల్లలు. వేధింపు ఎక్కువగా నమోదైన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. శిక్షణలకు మగవాళ్ళు కూడా రావాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

కళుగుమలై కొండ మీద ఎనిమిది, తొమ్మిది శతాబ్దాల నాటి జైన తీర్థంకరుల శిల్పాలు వరసలు తీరి ఉంటాయి. సుమారు వంద వట్టెళుత్తు లిపి శాసనాలు ఉన్నాయి. ఆ శాసనాల్లో స్త్రీ గురువుల పేర్లు, వాళ్ళ శిష్యుల పేర్లు కనిపిస్తాయి. ఫలానా గురువమ్మ శిష్యురాలు చేయించిన బొమ్మ అని రాయి మీద చెక్కి ఉంటుంది. శిక్షణకు వచ్చినవాళ్ళను సాయంత్రం అక్కడికి తీసుకెళ్తాను. మాకు ఎక్కువగా లోపించింది అదే, గురుపరంపర. సర్టిఫికెట్ చేతిలో పెట్టి పంపించాక ఆ కౌన్సెలర్ ఒంటరి. ఇతరుల గాయాలు రోజూ వినే మనిషికి నిద్ర చెడుతుంది, సొంత పిల్లలను గడప దాటనివ్వడానికి భయమేస్తుంది, లోకం మీద నమ్మకం సడలుతుంది. మెకాన్, పెర్ల్‌మన్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు 1990లోనే దీని గురించి రాశారు. పెద్ద ఊళ్ళలో థెరపిస్టుకు వారంవారం వెళ్ళి చెప్పుకోవడానికి ఒక అనుభవజ్ఞురాలు ఉంటుంది. విళాత్తికుళంలోనో తిరువేంగడంలోనో పనిచేసే అమ్మాయికి ఎవరున్నారు? నెలనెలా మాట్లాడే పెద్దదిక్కు లేకుండా రెండు రోజుల వర్క్‌షాపుతో ఎవరినీ ఈ పనికి పంపకూడదు. ఇది నా గట్టి అభిప్రాయం. పని చేయించుకునే సంస్థలకు ఖర్చు అనిపిస్తుంది. ఆ ఖర్చు పెట్టలేనివాళ్ళు ఈ పని పెట్టుకోకూడదు.

తెలుగు రాష్ట్రాల్లో సైకాలజీ, సోషల్ వర్క్ చదువుతున్న పిల్లలకు నాదొక మనవి. ఏరు దాటి వచ్చి శతాబ్దాలైనా ఇక్కడ ఇంట్లో తెలుగే ఏడుస్తోంది, తెలుగే మౌనంగా ఉంటోంది. మీలో కొందరైనా కొన్నాళ్ళు ఇటు వచ్చి పని నేర్చుకోండి, మాకూ నేర్పండి. ఇంట్లో ఒక పిల్ల నోరు విప్పితే పెద్దవాళ్ళకు చెప్పేది ఒకటే. ఏం జరిగిందని ఆరా తీయకముందు ఆ రాత్రి ఆమె ఎవరి పక్కన నిశ్చింతగా పడుకోగలదో చూడండి. ఆ తర్వాత ఫోన్ చెయ్యండి. పిల్లలకు 1098, స్త్రీలకు 181, మనసు బాధకు 14416. మూడూ పగలూ రాత్రీ పనిచేస్తాయి, డబ్బు అక్కర్లేదు. 14416లో తెలుగు ఎంచుకుంటే తెలుగులోనే మాట్లాడతారు.